కంబోడియాలో రావిమొక్క ఫైలు

పోయిన మాఘమాసంలో మా ఆఫీసు తలుపు మీద ఒక నోటీసు వెలిసింది. టైపు చేసిందీ నేనే, జిగురు రాసి అంటించిందీ నేనే కాబట్టి అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయడమేమనగా, ప్రాచీన దేవాలయ రక్షణ సంచాలక కార్యాలయము ఈ నెల పదకొండవ తేదీ నుండి పదిహేడవ తేదీ వరకు కంబోడియా దేశమునందు పనిచేయును. అర్జీదారులు గమనించి, తదనుగుణముగా అచ్చట హాజరు కావలసినదిగా కోరడమైనది."

దీన్ని చూసి నవ్విన వాళ్ళున్నారు. ఎదురుగా ఉన్న జిరాక్సు షాపతను ఫోటో తీసి ఊరంతా పంపాడు కూడా. అతనికి పరిపాలన అంటే ఏం తెలుసు? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఆఫీసులో కుర్చీ అరగదీసిన సీనియర్ అసిస్టెంటుగా చెబుతున్నాను, ఆ నోటీసులో తెలివితక్కువ మాట ఒక్కటి లేదు. ప్రతి మాట వెనకా ఒక ఉత్తర్వు ఉంది.

సంగతేమిటంటే, సంక్రాంతి సెలవులు అయీ అవగానే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఉద్యోగులంతా రోజూ పదిన్నరకీ, మళ్ళీ అయిదింటికీ ఆఫీసు బోర్డుకి వంద మీటర్ల లోపల నిలబడి సెల్‌ఫోనుకి ముఖం చూపించాలి. ఫోను గుర్తుపడితే హాజరు, గుర్తుపట్టకపోతే గైర్హాజరు. పెళ్ళికైనా, విచారణకైనా, విదేశానికైనా మినహాయింపు లేదు. సరిగ్గా అదే వారంలో మా అధ్యయన యాత్రకి అనుమతి కూడా వచ్చింది. ఏడు రోజులు, గైడుతో సహా. పురాతన ఆలయాలు, చరిత్ర, చివర్లో సముద్ర తీరం.

యాత్రకి వెళితే హాజరు పడదు. హాజరు పడాలంటే యాత్రకి వెళ్ళకూడదు. రెండు ఉత్తర్వులూ ఒకే ఆఫీసరు సంతకంతో వచ్చినవే. మా డైరెక్టరు దక్షిణామూర్తి గారు రెండు రోజులు గది తలుపు వేసుకుని ఆలోచించారు. మూడో రోజు బయటికొచ్చి, "సుదర్శనం గారూ, మనం ఆఫీసుకి రాలేని పరిస్థితుల్లో ఆఫీసే మనతో రావాలి" అన్నారు.

అందులో చిక్కేమీ లేదు. ఫోన్లు గుర్తుపట్టేది భవనాన్ని కాదు, బోర్డు వెనక కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు బిగించిన చిన్న పెట్టెని. ఆ పెట్టె ఎక్కడుంటే ఆఫీసు అక్కడ. బోర్డు నాలుగడుగుల చెక్క. రెండు మేకులు పీకితే ఆఫీసు చేతిలోకి వచ్చింది. పెట్టెకి ప్లాస్టిక్ కవరు చుట్టాం.

ఇంతకీ ఈ అధ్యయనం దేనికంటే, నాంచారమ్మ గారి రావిమొక్క కోసం.

నాంచారమ్మ గారిది వేమవరప్పాడు. అక్కడ భీమలింగేశ్వరుడి గుడి ఉంది. నాలుగు స్తంభాలు, ఒక గర్భగుడి, అంతే. కానీ తొమ్మిది వందల ఏళ్ళ నాటిది కాబట్టి మా రక్షణలో ఉంది. గుడి ఎదురుగా ఆవిడ ఇడ్లీ పాక. పదకొండేళ్ళ కిందట ఆవిడ మాకు ఒక అర్జీ పెట్టింది. గుడి కప్పు మీద రాళ్ళ సందులో రావిమొక్క మొలిచింది, రెండాకులేసింది, పీకించండి, అని. తనే పీకేద్దామనుకుందట. కానీ గుడి ముందు మా హెచ్చరిక ఉంది. ఈ కట్టడమునందు ఎట్టి మార్పు చేసినను కారాగార శిక్ష, అని. ఆవిడకి చట్టమంటే భయం.

ఆ అర్జీ చదివాక మాకు మొదట అర్థమైంది, గుడికి ప్రమాదం ఉందని. ప్రమాదం ఉన్న గుళ్ళోకి జనాన్ని రానివ్వకూడదు. అందుకని వెంటనే వెళ్ళి తాళం వేశాం. వేసింది నేనే.

"మొక్క పీకమంటే గుడికి తాళమేశారేంది బాబూ?" అంది ఆవిడ.

"తాత్కాలికమేనమ్మా" అన్నాను.

తరవాత మొక్క మీద విచారణ మొదలైంది. చెట్ల సంగతి చూసే ఆఫీసుకి రాశాం. మూడేళ్ళకి జవాబొచ్చింది, మొక్కలు మా పరిధిలోకి రావు, చెట్టయ్యాక రాయండి, అని. చెట్టయ్యేదాకా ఆగాం. అయింది. రాశాం. చెట్టు కొట్టడం నిషేధం, మొక్కగా ఉన్నప్పుడే రావలసింది, అన్నారు. ఇందులో మా తప్పు ఎక్కడుందో చూపించమనండి.

ప్రతి ఏడూ కార్తీకం ముందు నాంచారమ్మ గారు ఆఫీసుకి వచ్చేది. కాపురానికొచ్చిన నాటినుంచీ కార్తీకమంతా ఆ గుళ్ళో దీపం పెట్టడం ఆవిడ అలవాటు. తాళం పడ్డాక తలుపు బయట గడప మీద పెడుతోంది. పెట్టిన దీపం పెట్టినట్టే గాలికి ఆరిపోతోంది. వచ్చినప్పుడల్లా మొక్క ఎంతైందో చేత్తో చూపించేది. మొదట రెండు వేళ్ళు, తరవాత మూర, తరవాత నెత్తి మీదికి చెయ్యి. ముందటేడు రెండు చేతులూ బారచాపి చూపించి, అలాగే నిలబడి ఏడ్చింది. "కప్పురాయి పగిలింది బాబూ. వేరు లోపలికి దిగింది. ఇంకో రెండు వానాకాలాలకి గుడి ఉండదు."

ఆ కన్నీళ్ళకి డైరెక్టరు గారు కదిలిపోయారు. "ఆలయంపై వృక్షం అనే అంశం మీద ప్రపంచస్థాయి అధ్యయనం తక్షణావసరం" అని ఫైలు మీద రాశారు. తక్షణావసరం కాబట్టి పద్నాలుగు నెలల్లోనే అనుమతి వచ్చింది.

విమానాశ్రయంలో బోర్డు దగ్గర ఆపారు. "ఏమిటిది?" అన్నాడు తనిఖీ చేసే అతను.

"ఆఫీసు" అన్నాను.

తరవాత నా నడుముకున్న తాళాల గుత్తి దగ్గర ఆపారు. నలభై మూడు గుళ్ళ తాళాలు. అవి ఎవరికైనా అప్పగించి వెళ్ళాలంటే జాబితా రాయాలి, రాస్తే మూడు నెలలు పడుతుంది, అందుకే మోసుకొచ్చాను. నలభై మూడు గుళ్ళు నాతోపాటు విమానం ఎక్కుతున్నాయని చెప్పాక అతను ఇంకేమీ అడగలేదు.

లోపల కుర్చీలో స్వెట్టరేసుకుని, ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి డైరెక్టరు గారు ఆగిపోయారు. నాంచారమ్మ గారు లేచి దణ్ణం పెట్టింది.

"మీరు ఇక్కడ...?"

"నోటీసు చూశానండి. అర్జీదారులు అక్కడికి రావాలని రాశారు గదా" అందావిడ. నేపాల్లో ముక్తినాథ్ యాత్రకి వెళదామని ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు ఉందట. చీటీ పాడుకుందట. టూరు కంపెనీ వాళ్ళు మేం పద్దెనిమిది మందిమి పోను మిగిలిన సీట్లు బయటివాళ్ళకి ఇచ్చుకున్నారు, అందులో ఒకటి ఈవిడ తీసుకుంది. "పాకకి వారం రోజులు మూత పెట్టి వచ్చాను బాబూ. ఈసారన్నా తేల్చండి."

డైరెక్టరు గారి గుండె ఉప్పొంగింది. "చూశారా, నోటీసుని అక్షరాలా పాటించే పౌరులు ఇంకా ఉన్నారు. అమ్మా, పదిన్నర తరవాత అర్జీ సమర్పించుకోండి."

కంబోడియాలో మా గైడు పేరు దారా. నలభై ఏళ్ళుంటాయి, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో పసుప్పచ్చ గొడుగు. అతనిది ఇంగ్లీషు, నాంచారమ్మ గారిది తెలుగు. గంటసేపట్లో ఇద్దరూ మంచి స్నేహితులైపోయారు. ఎలా మాట్లాడుకునేవారో నాకిప్పటికీ తెలీదు.

మర్నాడు తెల్లవారుజామున ఆంగ్‌కోర్ వాట్ వెనక సూర్యోదయం చూపిస్తానన్నాడు దారా. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. "సూర్యోదయం కార్యాలయ వేళల్లో జరగడం లేదు. వేళలకు వెలుపల చూసింది వ్యక్తిగత ఆనందం కిందికి వస్తుంది. అధ్యయన యాత్రలో ఆనందాన్ని నిబంధనలు అనుమతించవు" అన్నారు. మేం పద్దెనిమిది మందిమీ హోటల్లో పడుకున్నాం. నాంచారమ్మ గారు బయటివాళ్ళతో కలిసి వెళ్ళొచ్చింది.

టిఫిన్ల దగ్గర ఆవిడ ముఖం చూడాలి. "అయిదు గోపురాలు బాబూ. మొదట అసలేమీ లేదు, ఒట్టి నలుపు. తరవాత ఎవరో వెనకనుంచి పొయ్యి రాజేసినట్టు ఎర్రగా వచ్చింది. కింద కొలనులో మళ్ళీ అయిదు గోపురాలు తలకిందులుగా. నాకు నోట మాట రాలా."

"కింద ఉన్నవి ప్రతిబింబాలు" అన్నాడు మా ఇంజనీరు గోవర్ధనరావు. "రిపోర్టులో అయిదనే రాయాలి."

పదిన్నరకి మేమూ అక్కడికి చేరాం. బోర్డు నిలబెట్టాం. అందరం ముఖాలు చూపించాం, ఫోన్లు గుర్తుపట్టాయి. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. బోర్డుకి వంద మీటర్లు దాటి ఎవరు అడుగేసినా ఫోన్లోంచి ఒక ఆడగొంతు "మీరు కార్యాలయ పరిధిలో లేరు" అని గట్టిగా చెబుతుంది. ఆ గుడి చూస్తే, నడవా దాటడానికే వంద మీటర్లు ఏ మూలకీ చాలవు. ఏమిటి దారి? ఆఫీసు నడవాలి. బోర్డుకి ముందు పక్క గోవర్ధనరావు, వెనక పక్క నేను పట్టుకున్నాం. డైరెక్టరు గారు ముందు, ఆఫీసు వెనక, ఆఫీసు వెనక సిబ్బంది. మా వరస చూసి ఏదో ఉత్సవం అనుకుని ముప్పైమంది తెల్లవాళ్ళు కెమెరాలతో వెంటపడ్డారు. ఒక ముసలావిడ బోర్డుకి భక్తిగా చేతులు జోడించింది. డైరెక్టరు గారు ప్రతినమస్కారం చేసి, అర్జీ ఏదైనా ఉందా అని అడగమన్నారు.

గోడ మీద క్షీరసాగర మథనం చెక్కి ఉంది. నాంచారమ్మ గారు దాన్ని చూసి కేక పెట్టింది. "అదుగో వాసుకి! అదుగో కూర్మం! దారా, ఆ మొదట్లో ఉన్నది ఎవరో చెప్పు!" ఆవిడ సగం కథ తెలుగులో చెప్పింది, అతను మిగతా సగం ఇంకేదో భాషలో చెప్పాడు, ఇద్దరూ ఒకే చోట ఆగి ఒకేసారి తలలూపారు.

డైరెక్టరు గారు కూడా ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఒక వైపు ఎనభై ఎనిమిది మంది, ఇంకో వైపు తొంభై రెండు మంది" అన్నారు నిట్టూర్చి. "ఒకే పనికి నూట ఎనభై పోస్టులు. మనకీ మంజూరు చేస్తే ఏ సముద్రమైనా చిలుకుతాం."

నాంచారమ్మ గారు అర్జీ ఇచ్చింది. ఆఫీసు బోర్డుని గోడకి ఆనించి, నేను నంబరేసి, స్టాంపు గుద్ది, సమర్పించాను. డైరెక్టరు గారు దాని మీద "చర్చించండి" అని రాశారు. పదకొండేళ్ళ కిందట రాసిన మాటే, చేతిరాత కూడా అదే.

ఆ మర్నాడు తా ప్రోమ్ అనే గుడికి వెళ్ళాం. మా అధ్యయనానికి అదే కీలకం. లోపలికి అడుగుపెట్టి తలెత్తి చూశాం. గుడి మీద చెట్టు కాదు, చెట్టు కింద గుడి ఉన్నట్టుంది. మా వేమవరప్పాడు గుడి అంత లావు వేళ్ళు కప్పు మీంచి దిగి, రాళ్ళని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఒక గుమ్మం సగం మింగేశాయి.

నాంచారమ్మ గారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తండ్రీ" అంది మెల్లగా. ఆవిడ కంటికి అక్కడ తా ప్రోమ్ కనపడలేదు. భీమలింగేశ్వరుడే కనపడ్డాడు.

"దీన్ని తీసెయ్యకూడదా?" అని దారాని అడిగించింది.

దారా గొడుగు ముడిచాడు. "ఇప్పుడు కుదరదమ్మా. తీస్తే రాళ్ళు పడిపోతాయి, ఉంచితే ఇంకా విడిపోతాయి. ఇప్పుడు చెట్టూ గుడీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఇనుప దూలాలు పెట్టి కాపాడుతున్నారు. ఏదో ఒక రోజున ఇది కూడా రెండాకుల మొక్కే గదా. ఆరోజు ఎవరైనా రెండు వేళ్ళతో పీకేసి ఉంటే..."

గోవర్ధనరావు బూట్ల వైపు చూసుకున్నాడు. నా నడుముకి ఉన్న గుత్తి నాకే బరువనిపించింది.

డైరెక్టరు గారు మాత్రం చెట్టుని చూడటం లేదు. చెట్టు ముందు నిలబడి ఫోటో దిగడానికి వరసకట్టిన జనాన్ని చూస్తున్నారు. వరస గుమ్మం దాటి, మలుపు తిరిగి, కనపడనంత దూరం ఉంది. ఆయన కళ్ళు మెరిశాయి.

"రాసుకోండి సుదర్శనం గారూ. మొక్కగా ఉన్నప్పుడు పీకకపోవడం వల్లనే ఈ ఆలయానికి ప్రపంచ ప్రఖ్యాతి వచ్చింది. అంటే వేమవరప్పాడు విషయంలో పదకొండేళ్ళుగా మన కార్యాలయం అనుసరిస్తున్న విధానం దూరదృష్టితో కూడుకున్నది."

అందరం చప్పట్లు కొట్టాం. అధ్యయనం ఫలించింది.

చివరి మజిలీ దక్షిణాన కేప్ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డు. రోజంతా బస్సు. నా పక్క సీటు నాంచారమ్మ గారిది. గుడ్డసంచీలోంచి కారప్పొడి డబ్బా తీసి, హోటలువాళ్ళిచ్చిన తెల్లన్నంలో కలిపి అందరికీ ముద్దలు పెట్టింది. డైరెక్టరు గారు రెండుసార్లు పెట్టించుకున్నారు. బస్సు కుదుపుకల్లా నా నడుముకి తాళాలు ఘల్లుమంటుంటే ఆవిడ అటు చూసేది, మళ్ళీ కిటికీలోకి చూసేది. అందులో ఏది తన గుడిదో ఆవిడకి తెలుసు. నేను వేసిన రోజున చూసింది గదా. అంత దూరంలోనూ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నిబంధన చెప్పేవాణ్ణి. అడక్కపోవడంతో ఏం చెయ్యాలో తోచలేదు.

కేప్‌లో మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరు గారు పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకోవాలని ముచ్చటపడ్డారు. వేళ దాటలేదు కాబట్టి ఆఫీసు కూడా నీళ్ళ దగ్గరికి జరిగింది. బోర్డుని తడి ఇసకలో పాతాం. ఆయన మడత కుర్చీలో కూర్చుని ఉత్తర్వు చెప్పారు, నేను మోకాలి మీద ప్యాడు పెట్టుకుని రాశాను. పథకం పేరు "వృక్షాలింగిత దేవాలయ అభివృద్ధి". నాంచారమ్మ గారిని పిలిపించి చదివి వినిపించమన్నారు.

"సదరు అర్జీ కూలంకషముగా పరిశీలించబడినది. వృక్షమును తొలగించవలెనను అభ్యర్థన తిరస్కరించడమైనది. సదరు వృక్షము శీఘ్రముగా ఎదిగి ఆలయమును పూర్తిగా ఆలింగనము చేసుకొనుటకు వీలుగా, దాని మొదటికి ప్రతిదినము రెండు పూటలా నీరు పోయవలెను."

"నీళ్ళా?" అంది ఆవిడ. "దానికి నీళ్ళు పోస్తారా?"

"ప్రభుత్వ ఖర్చుతో" అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ ఇసకలో చతికిలబడింది. ఏడవలేదు. సముద్రం ఇంత దగ్గర చూడటం అదే మొదటిసారి అని పొద్దున్నే సంబరపడిన మనిషి, దానికి వీపు తిప్పి కూర్చుంది. నాకు సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నాకు భయం వేసింది, విసుగు వేసింది, నిద్ర కూడా వచ్చింది గానీ సిగ్గు వెయ్యడం అదే మొదలు. ఏం చెయ్యను? నాకు చేతనయింది ముసాయిదా రాయడం ఒక్కటే. కింద ఇంకో వాక్యం చేర్చాను.

"గుడికి తాళము ఉన్నందున నీరు పోయుటకు వీలుపడదు గనుక, స్థానికురాలైన అర్జీదారుకే సదరు బాధ్యతతో పాటు తాళపుచెవి తాత్కాలికముగా అప్పగించడమైనది."

డైరెక్టరు గారు మామూలుగా ప్రతి ఉత్తర్వూ మూడుసార్లు చదువుతారు. ఇది చదివితే తాళపుచెవికి ఒక కమిటీ వేస్తారు. అది నాకు తెలుసు. ఏం జరిగితే అది జరుగుతుందని కాగితం ఫైల్లో పెట్టాను.

అప్పుడు ఒక అల వచ్చింది.

పోటు ఎప్పుడొస్తుందో మా యాత్రా కార్యక్రమంలో లేదు. రెండో అలకి బోర్డు ఒరిగింది. మూడో అలకి లేచింది. మేం చూస్తుండగానే ప్రాచీన దేవాలయ రక్షణ సంచాలక కార్యాలయం సముద్రంలోకి బయల్దేరింది. టైము నాలుగూ నలభై ఎనిమిది. కాసేపటికి పద్దెనిమిది ఫోన్లూ ఒకేసారి ఎత్తుకున్నాయి. "మీరు కార్యాలయ పరిధిలో లేరు. మీరు కార్యాలయ పరిధిలో లేరు."

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆ క్షణంలో ఆయన నిజంగా నాయకుడు. "సిబ్బంది యావన్మందీ కార్యాలయాన్ని అనుసరించండి!" అని అరిచి, ముందుగా తనే దూకారు.

మిగతా పదిహేడు మందిమీ వెనకే పడ్డాం. కేప్ సముద్రం లోతు తక్కువ, ఎంత నడిచినా నడుము దాటదు. డిస్పాచ్ మేడమ్ గారు రిజిస్టరు నెత్తిన పెట్టుకుని వచ్చారు. నేను ఫైలు నెత్తిన పెట్టుకున్నాను. ఒక అల వచ్చి గోవర్ధనరావుని బోర్లా పడేసింది. లేచి, నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మి, ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టాడు. ఆ మనిషికి నవ్వడం వచ్చని ఎవరికీ తెలీదు. అది చూసి మేడమ్ గారు నవ్వారు. ఆవిడని చూసి నేను. ఇంకో నిమిషానికి ఆఫీసు మొత్తం నడుం లోతు నీళ్ళలో నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వుతోంది.

"అయిదయింది! ముఖాలు చూపించండి!" అన్నారు డైరెక్టరు గారు.

చూపించాం. ఫోనులో గొంతు మారింది. "ముఖం సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

మళ్ళీ ప్రయత్నించాం. సరిపోలలేదు. మరి రికార్డులో ఉన్న ముఖాలు ఆఫీసులో తీసినవి. అందులో ఎవరూ నవ్వడం లేదు.

"నవ్వు ఆపండి! ఇది ఆదేశం!" అన్నారు డైరెక్టరు గారు. అంటూ ఉండగానే ఒక అల ఆయన నెత్తి మీంచి దూకి వెళ్ళింది, ఆయన మీసాలు రెండూ కిందికి వేలాడాయి, దాంతో ఆయనకే నవ్వు ఆగలేదు. "బాధ కలిగించే విషయం ఏదైనా తలుచుకోండయ్యా! బదిలీలు! బదిలీలు తలుచుకోండి!"

బదిలీలు తలుచుకున్నాక ఒక్కొక్కరికే హాజరు పడింది.

ఆ తొక్కిసలాటలోనే నేను గోవర్ధనరావు వీపు మీద ఫైలు పరిచాను. "సార్, ఈ రోజు ఉత్తర్వు. సంతకానికి గడువు ఈ పూటే."

"ఎక్కడ?"

"ఇక్కడ సార్."

అల వస్తోంది. ఆయన చదవలేదు. సంతకం పెట్టేశారు. కళ్ళు మూసుకుని నవ్వుతూ పెట్టిన ఆ సంతకం ఆయన సర్వీసులో అన్నిటికంటే అందంగా వచ్చింది.

ఆఫీసుని ఒడ్డుకు లాక్కొచ్చింది మాత్రం నాంచారమ్మ గారే. మా గోల విని ఇటు తిరిగింది, చీర దోపుకుని నీళ్ళల్లోకి దిగింది, దారా ఒక వైపు, ఆవిడ ఒక వైపు బోర్డు పట్టుకుని లాగారు. వాళ్ళిద్దరికీ ఏ వంద మీటర్ల గొడవా లేదు. గట్టుకు చేర్చాక నేను గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీశాను. తుప్పు పట్టి రావడం కష్టమైంది. ఉత్తర్వు చదివి వినిపించి రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాను. ఆవిడ తాళంచెవిని కళ్ళకద్దుకుని, కాసేపు అలా పట్టుకుని కూర్చుంది. తరవాత నా వైపు చూసింది.

"బాబూ, రెండు పూటలా నీళ్ళు పొయ్యాలని రాశారు గదా."

"అవునమ్మా."

"ఎట్టాంటి నీళ్ళో రాశారా?"

కాగితం చూశాను. "రాయలేదమ్మా."

ఆవిడ లేచి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి, దారా ఇక చాలు బస్సుకి టైమైందని గొడుగు ఊపేదాకా అలల్లోనే ఉంది.

ఆశ్వయుజంలో వేమవరప్పాడు తనిఖీకి వెళ్ళాం. గుడి మీద రావిచెట్టు ఎండి కట్టె అయిపోయింది. గోవర్ధనరావు కప్పెక్కి కొమ్మ పట్టుకుంటే పుటుక్కుమని చేతిలోకి వచ్చింది. గోడలోకి దిగిన వేరు చివికి పొట్టు రాలుతోంది. లాగితే వచ్చేస్తుంది. పగిలిన రాయి మళ్ళీ సందులో కూర్చుంటుందన్నాడు.

డైరెక్టరు గారు నిర్ఘాంతపోయారు. "అమ్మా, నీళ్ళు పొయ్యలేదా?"

"ఎంత మాట! ఒక్క పూట తప్పితే ఒట్టు" అంది నాంచారమ్మ గారు ఇడ్లీ పాకలోంచి. పొయ్యి మీద డేగిసా కుతకుతలాడుతోంది. "పొద్దున ఇడ్లీ వాయి దించంగానే ఒక డేగిసా, సాయంత్రం ఒక డేగిసా. పొగలు కక్కేవి, నిచ్చెనెక్కి మరీ మొదట్లోనే పోశా. పచ్చినీళ్ళు చుక్క తగలనిస్తే అడగండి."

నేను నేల చూపులు చూశాను. డైరెక్టరు గారి ముఖం మాత్రం విప్పారింది. "కాచిన నీళ్ళు! ఎంత పరిశుభ్రత! సుదర్శనం గారూ, ఈమెకు ప్రశంసాపత్రం ఇవ్వాలి." తరవాత చెట్టు వైపు చూసి కనుబొమలు ముడిచారు. "క్రమం తప్పకుండా, అందునా కాచిన నీరు పోసినప్పటికీ వృక్షము ఎండిపోవుటకు గల కారణములు అధ్యయనం చేయాలి. ఎడారులున్న దేశం ఏదైనా చూడండి. సముద్రం కూడా ఉంటే మంచిది."

చూస్తున్నాం. బోర్డుకి ఈసారి తాడు కూడా సిద్ధం చేశాం.

జీపెక్కబోతూ ఆయన ఆగారు. "పథకం ముగిసింది గదా. తాళపుచెవి వెనక్కి తీసుకోండి."

"సార్, అది తాత్కాలికంగా ఇచ్చాం" అన్నాను.

"అయితే?"

"తాత్కాలికమని రాసింది వెనక్కి తీసుకున్నట్టు మన ఆఫీసు రికార్డుల్లో ఎక్కడా లేదు సార్. పూర్వ ఉదాహరణ లేదు."

ఆయన జీపులో కూర్చుని తలుపు వేసుకున్నారు. "పూర్వ ఉదాహరణ లేకుండా ఎలా చేస్తాం? అలాగే ఉండనివ్వండి" అన్నారు.

కార్తీకం మొదటి సోమవారం నేను ఎవరికీ చెప్పకుండా వేమవరప్పాడు బస్సెక్కాను. గుడి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల లింగం ముందు నాంచారమ్మ గారు ప్రమిద పెట్టి, వత్తి వెలిగించి, పక్కకి జరిగింది. బయట గాలి బాగానే ఉంది. లోపల దీపం నిటారుగా వెలుగుతోంది. పదకొండేళ్ళు. నేనే వేశాను ఆ తాళం.

పదిన్నరకి అలవాటు కొద్దీ జేబులోంచి ఫోను తీసి ముఖం ముందు పెట్టుకున్నాను. మీరు కార్యాలయ పరిధిలో లేరు, అంటుందనుకున్నాను. ఆ మాట తరవాత అంది. ముందు వేరే మాట అంది.

"ముఖం సరిపోలలేదు."